అరవకుండా ఉండేదానికే మైకు

మా మామ పోయిన సంగతి మా అత్త ఫోనులో చెప్పింది. పాలు విరిగిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

"అమ్మీ, మీ మామ పోయినాడు. కాఫీ గ్లాసు చేతికిచ్చి లోపలికి పోయి వచ్చేతలికి గోడకు ఆనుకోని ఉండాడు. పిలిస్తే పలకల్యా. డాక్టరొచ్చి చెయ్యి పట్టి చూసి పానం లేదన్నాడు. నువ్వు రా."

అంతే. ఆ గొంతులో ఏడుపు లేదు, వణుకు లేదు. అందుకే నాకు ఆ మాట తలకెక్కలేదు. "ఏం మాట్లాడతాండావు అత్తా? ఫోను మామకియ్యి" అన్నాను. భర్త శవం పక్కన కూర్చున్న మనిషితో, ఫోను ఆయనకివ్వమన్నాను. కాసేపటికి పక్కింటావిడెవరో ఫోను తీసుకుని, "ఆమె ఏం చెప్తాందో ఆమెకే తెల్దమ్మా, మీరు బిన్నా బయల్దేరండి" అంది.

నేను ఫోను పెట్టేసి వెంటనే మామ నంబరుకు చేశాను. అది మోగి మోగి ఆగిపోయింది. ముందు రోజు సాయంత్రమే అదే నంబరు నుంచి ఆయన నాతో చాలాసేపు మాట్లాడాడు. "రేపు పొద్దున గూడ ఒగసారి చెప్పించుకుంటా నీతో. మిరియాల నీళ్లు తాగి పడుకో" అన్నాడు. మిరియాల నీళ్లు తాగాను, పడుకున్నాను, తెల్లవారింది. చెప్పించుకునే మనిషి లేడు. ఎంత మోసం ఇది! మరుసటి రోజు అంత పని పెట్టుకుని ఇవాళ పోతారా ఎవరైనా? చావు మీద దుఃఖం కంటే ముందు నాకొచ్చింది కోపం. ఆయన మీదే వచ్చింది.

మీలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు వాళ్లుంటే మా మామ మీకు తెలుసు. ముఖం తెలియకపోవచ్చు కానీ గొంతు తెలుసు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో కొత్త సరుకు దిగిందని ఆటోకు మైకు కట్టి చెప్పింది ఆయనే. గండి తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లల్ని తల్లుల దగ్గరికి చేర్చింది ఆయన గొంతే. ఊరూరి బండలాగుడు పోటీల్లో ఎద్దుల వెంట పరిగెత్తింది కూడా అదే గొంతు. ఆయన మా అమ్మకు తమ్ముడు. నాకు మొదటి నుంచి మామే, ఇంకో పేరుతో నేను పిలిచింది లేదు.

ఆ మరుసటి రోజు పని ఏమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. జమ్మలమడుగు దాటాక ఉంటుంది నేను మెట్టిన ఊరు. నేను ఆ ఊరికి సర్పంచిని. ఊరి పక్కన నాపరాళ్ల గని ఉంది. దాన్ని ఇంకొంచెం పెంచుతామని గనివాళ్లు అర్జీ పెట్టుకున్నారు. పెంచుతామన్న చోట మా ఊరి గొర్రెలు వంకకు, అంటే మా వాగుకు, నీళ్లకు పోయే దోవ ఉంది. ఆ దోవ పోతే కింద వీధిలో మందలున్న ఇళ్లన్నీ గొర్రెల్ని అమ్ముకోవలసిందే. ఇలాంటప్పుడు అధికారులు వచ్చి షామియానా వేసి, మైకు పెట్టి, మీరేమంటారని ఊరిని అడుగుతారు. గని మొదలయ్యేటప్పుడూ అలాగే అడిగారు. అప్పుడు మావాళ్లు అరిచిన అరుపులకు షామియానా లేచిపోవడం ఒక్కటే తక్కువ. తీరా కాగితం బయటికొచ్చాక చూస్తే మావాళ్ల మాట ఒక్కటీ లేదు. గ్రామస్తులు గలాటా చేశారని మాత్రం ఉంది. ఈసారి మాట్లాడవలసింది నేను. మామ నాకు నేర్పుతున్నది దానికే.

"అరిస్తే గలాటా అని ఒగ ముక్క రాసుకోని పోతారమ్మీ. నిదానంగా చెప్తే చెప్పిందంతా రాయాల్సి వస్తాది" అనేవాడు.

ప్రొద్దుటూరు చేరేసరికి మామ ఇంటి ముందు కుర్చీలు వేసేశారు. లోపల మామను పడుకోబెట్టి ఉన్నారు. నేను చూసింది ఒక్కటే. గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి తెల్లగుడ్డ పీలిక వేసి ముడి కట్టారు. ఎవరు పోయినా అలాగే కడతారు, నోరు తెరుచుకోకుండా. నాకు తెలియని ఆచారమేమీ కాదు, మా నాన్నకూ కట్టారు. కానీ ఆ నోటికి కట్టడమేమిటి? నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "ఆ గుడ్డ తీసేయండి" అన్నాను. మా ఆయన నా భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. నాకు ఏడుపు రాలేదు. గొంతు మాత్రం లోపలి నుంచి ఎవరో మూత పెట్టినట్టు పూడుకుపోయింది.

అత్త గోడవార కూర్చుని వచ్చినవాళ్లందరికీ అదే మాట, అదే తీరుగా చెబుతోంది. కాఫీ గ్లాసు చేతికిచ్చి లోపలికి పోయి వచ్చేతలికి. ఒక్క అక్షరం తేడా లేదు. ఇంతలో వీధి మొదట్లో మైకు వినిపించింది. ఆటో వస్తోంది. ఎవరో పుణ్యం కట్టుకుందామని మామ కబురు ఊరికి చెప్పిస్తున్నారు. కంప్యూటరులో చేయించిన ఆడగొంతు. చీరల మీద తగ్గింపు చెప్పేది కూడా అదే. పండగ ఉత్సాహంతో మామ పేరు చెప్పి, ఇంటి గుర్తులు చెప్పి, అంత్యక్రియల సమయం చెప్పి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

ఇక్కడ మామ సంగతి ఒకటి చెప్పాలి. పోయినవాళ్ల కబురు చెప్పే రోజు ఆయన ఆటో హారను కొట్టనిచ్చేవాడు కాదు. పేరు చివర చెప్పేవాడు. ముందు వీధి చెప్పి, తరువాత ఇంటివాళ్లను చెప్పి, కాస్త ఆగి, అప్పుడు పేరు. వినేవాళ్లు చేతిలో ఉన్నది కింద పెట్టుకోవడానికి అంత వ్యవధి ఇవ్వాలి అనేవాడు. ఆ చావు జరిగిన ఇంటి దగ్గరికి వచ్చేసరికి మైకు కట్టేసేవాడు. "వాళ్లకు తెల్దా ఏంది? వాళ్లకు మళ్ల చెప్పేదేముంది?" అనేవాడు. ఇల్లు దాటాక మళ్లీ వేసేవాడు.

ఈ ఆటో ఆగలేదు. మా వాకిలి ముందుకే వచ్చి, మామ పేరు మా ముఖాన కొట్టి, నిదానంగా ముందుకు పోయింది. తప్పు ఆ డ్రైవరుది కాదు, అతనికి చెప్పినవాళ్లు లేరు. అత్త మాట ఆపేసింది. లేచి వాకిట్లోకి వచ్చింది. "ఏమంటాండారు వాళ్లు? మీ మామ పేరు చెప్తాండారేంది?" అంది నన్ను చూసి. ఇన్నేళ్లూ చావు కబుర్లు మైకులో చెప్పిన మనిషి పెళ్లాం ఆవిడ. మైకులో వచ్చేదాకా ఆవిడకూ నమ్మకం కుదరలేదు. అక్కడే అరుగు మీద కూలబడింది. ఆ ఏడుపు నేను రాయలేను.

మామతో నాకు తొలి జ్ఞాపకం గండిలో. శ్రావణ శనివారం, పాపఘ్ని ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. నేను బడి పిల్లని. మామ మైకు పెట్టుకున్న బల్ల కింద కూర్చుని బొరుగులు తింటున్నాను. ఎవరో ఏడుస్తున్న ఒక చిన్నపిల్లను తెచ్చి వదిలారు. మామ కంటే ముందు మైకు పట్టుకున్నాయన "పాప తప్పిపోయింది! పాప తప్పిపోయింది!" అని కేకలు పెట్టేవాడట. దాంతో గుంపులో ఉన్న ప్రతి తల్లీ తన బిడ్డ కోసం గుండెలు బాదుకోవడం, తోపులాట. మామ అలా కాదు. మైకు దగ్గరికి తీసుకుని, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"పచ్చ గౌను పాప మా కాడ ఉంది. బొరుగులు తింటాంది, నవ్వుతాంది. వాళ్లమ్మ నిదానంగా రా తల్లీ. పరిగెత్తి పడగాకు."

ఆ పిల్ల ఆకాశం దద్దరిల్లేలా ఏడుస్తోంది. నేను బల్ల కింద నుంచి తల బయట పెట్టి, "అబద్ధం చెప్తివి మామా, యాడ నవ్వుతాంది?" అన్నాను. "వాళ్లమ్మ వచ్చేతలికి నువ్వు నవ్వించు, నిజమైపోతాది" అన్నాడు. నా బొరుగుల పొట్లం ఆ పిల్లకు పోయింది. వాళ్లమ్మ వచ్చేసరికి ఆ పిల్ల నిజంగానే నవ్వుతోంది. నేను ఏడుపు ముఖం పెట్టుకుని ఉన్నాను.

మా మామది పెద్ద గొంతు అనుకుంటారు అందరూ. కాదు. పక్క గదిలోకి వినపడని గొంతు ఆయనది. పైగా పోటీకి ముందు రోజు ఇంట్లో నోరే ఇప్పేవాడు కాదు, గొంతుకు సెలవు. అన్నీ సైగలే. పచ్చడి చూపిస్తే అత్త కావాలని ఉప్పు గిన్నె ముందుకు తోసేది. "ఊరంతటికీ నోరుంది, ఇంటికొచ్చేతలికి మూగోడు. నన్నెవురికి కట్టబెట్టినార్రా దేవుడా" అని గోడలతో చెప్పుకునేది. ఆయన ఉప్పే నంజుకుని తిని లేచిపోయేవాడు. ఓడిపోవడం ఒప్పుకునే మనిషి కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ లవంగాలు. ఎండాకాలంలోనూ మెడకు మఫ్లరు. దాన్ని చూసి నవ్వినవాళ్లందరి కంటే ముందే ఆయన నవ్వేవాడు.

మైకు పరీక్ష చేసేటప్పుడు కూడా అందరిలాగా హలో హలో అనడు. ఆఖరి వరసలో ఎవరో ఒకరిని ఎంచుకుంటాడు. "ఆ చివర ఎర్ర టవలు పెద్దాయనా, ఇనపడతాందా?" ఆ పెద్దాయన చెయ్యెత్తే దాకా రెండో మాట మాట్లాడడు. "ఇనేటోడు ఎవురో తెలియకుండా మాట్లాడితే అది మాట గాదు, మోత" అనేవాడు.

పులివెందుల వైపు ఒక తిరునాళ్లలో జరిగింది నా కళ్లారా చూశాను. అప్పటికి నాకు పెళ్లయింది. బండలాగుడు మంచి ఊపులో ఉంది. ఒక ఊరి ఎద్దులు గీత దాటే సమయంలో వాళ్ల మనిషి బండకు చెయ్యి తగిలించి తోశాడని ఇంకో ఊరివాళ్లు లేచారు. మా సీమలో రెండు ఊళ్లవాళ్లు ఒకేసారి లేచి నిలబడితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. పోటీ పెట్టిన పెద్దమనుషులు మైకు లాక్కుని "కూచోండి! కూచోండప్పా!" అని గొంతు చించుకున్నారు. వాళ్లు అరిచినకొద్దీ కూర్చున్నవాళ్లు కూడా లేచారు. చేతుల్లో ముల్లుకర్రలు ఉన్నాయి. ఆడవాళ్లం పిల్లల్ని పట్టుకుని వెనక్కు జరుగుతున్నాం.

మామ మైకు తీసుకున్నాడు. తీసుకుని ఊరకే నిలబడ్డాడు. ఏం మాట్లాడడేమని నేను మునివేళ్ల మీద లేచి చూశాను. జనం కూడా, ఏమైంది ఈయనకు అని ఒకరొకరే ఆయన వైపు తిరిగారు. అప్పుడు చెప్పాడు, మెల్లగా, కొంచెం దిగులుగా.

"ఎద్దులు కాడి మీదనే ఉండాయి. పాపం ఎండ శానా ఎక్కువుంది. వాటి నోట్లో నురుగొస్తాంది. ఎవురి ఎద్దులకు వాళ్లు రవ్వన్ని నీళ్లు పట్టండప్పా. మనం కొట్టుకునేది యాడికి పోతాది, మళ్ల కొట్టుకుందాం."

ఎక్కడో ఒకాయన నవ్వాడు. ఎద్దుల వాళ్లు ఎద్దుల వైపు చూశారు. తమ ఎద్దు నోట నురుగు కనిపించాక మా వైపు మనిషి ఇంకేదీ చూడడు. రెండు ఊళ్లవాళ్లూ బిందెలు పట్టుకుని ఒకే తొట్టి దగ్గరికి పోయారు. తొట్టి దగ్గర తిట్టుకున్నారు అనుకోండి, కానీ కర్రలు పక్కన పెట్టి తిట్టుకున్నారు. ఇంటికొచ్చాక నేను అడిగితే, "కూచో అని అరిస్తే కూచునేటోడు యాడన్నా ఉండాడామ్మీ? వాళ్లకు చేసేదానికి ఒగ పని చెప్పల్ల" అన్నాడు.

ఇన్ని చూసి పెరిగిన దాన్ని, సర్పంచిగా గెలిచాక మొదటి గ్రామసభలో నేనేం చేశానో వినండి. అది ఆడవాళ్ల సీటు. మాట్లాడేది మా ఆయనే అని అందరూ అనుకున్నారు, మధ్య కుర్చీ కూడా ఆయనకే వేశారు. నాకు ఒళ్లు మండింది. మైకు అందుకుని ఎత్తుకున్నాను. మాది కేకల నేల. ఈ చేనులో ఉన్న మాట ఆ చేనుకు పోవాలి, మంద వంక దాటకముందే కేక అందాలి. అన్నానికి ప్రేమగా పిలిచినా కోస్తా వాళ్లకు జగడం పడుతున్నట్టుంటుంది. మైకు చేతికిస్తే మావాళ్లు దాన్ని ఇంకో చేను అనుకుంటారు. నేనూ అంతే. మైకు కుయ్యిమని కూసింది. అరుగు కింద కుక్కలు లేచి పోయాయి. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనేం చెప్పానో ఒక్కరికీ గుర్తు లేదు. అరిచానన్న సంగతి మాత్రం పక్క ఊరికి కూడా తెలిసింది.

ఆ ఆదివారం ప్రొద్దుటూరుకు పోయాను. మామ అంతా విని నవ్వలేదు. "మైకు ఉండేది అరిసేదానికి గాదమ్మీ, అరవకుండా ఉండేదానికి" అన్నాడు. అని వంటింటి గుమ్మంలో నన్ను నిలబెట్టాడు. లోపల అత్త ఉల్లిగడ్డలు తరుగుతోంది. "నీ సభలో చెప్పింది మీ అత్తకు చెప్పు. నువ్వు చెప్తాంటే ఆమె చెయ్యి ఆగల్ల" అన్నాడు.

"సోదర సోదరీమణులారా" అని మొదలుపెట్టాను. కత్తి ఆగలేదు. గొంతు పెంచాను. కత్తి ఇంకా జోరందుకుంది. "ఏంది మామా కోడళ్ల కత? నాకు పప్పు మాడిపోతాంది. మీ పాఠాలు కాకులెత్తుకపోను" అంది అత్త. నాకు విసుగొచ్చింది, ఓపిక అయిపోయింది. గుమ్మానికి చేరగిలబడి, మామూలుగా అన్నాను. "అదిగాదత్తా, వీధిలైటు లేక మా కింద వీధిలో ఒగ ముసలామె కాలవలో పడి కాలు ఇరగ్గొట్టుకునింది."

కత్తి ఆగిపోయింది. "అయ్యో, ఎవురే? ఎప్పుడు?" అంది అత్త తల ఎత్తి.

"ఇదీ నీ గొంతు. ఇంతసేపూ మాట్లాడింది సర్పంచి" అన్నాడు మామ.

తరువాత గ్రామసభలో అదే తీరుగా చెప్పాను. వీధిలైట్లు వచ్చాయి. మా ఆయన మధ్య కుర్చీ నుంచి తనంతట తానే పక్కకు జరిగాడు. ఆ సంతోషంలో నాకు పొగరు తలకెక్కి, ఇక నాకు అంతా వచ్చేసిందనుకున్నాను. గని సంగతి రాగానే మళ్లీ కేకల్లోకి పడ్డాను. ఫోనులో నా ఉపన్యాసం చెబితే మామ మధ్యలోనే ఆపేవాడు. "మా బతుకులు అని మొదలుపెట్టగాకు. ఆ మాట వాళ్లు దినామూ ఇంటాండారు. గొర్రెతో మొదలుపెట్టు." ఇంకోసారి అన్నాడు, "కోపం ఉండల్ల. లేకుంటే నువ్వు యాల పోతాండావు ఆడికి? అయితే దాన్ని గొంతులో పెట్టగాకు, మాటలో పెట్టు. గొంతులో పెడితే దగ్గొస్తాది." అన్నట్టుగానే నాకు దగ్గొచ్చేది, ఆయన అటువైపు నవ్వేవాడు. ఆ నవ్వు ముందు రోజు సాయంత్రం కూడా విన్నాను. అదే ఆఖరిదని నాకెవరు చెప్పారు?

మధ్యాహ్నానికి మామను తీసుకుపోయారు. ఇల్లు కడిగారు. ఆడవాళ్లం మిగిలాం. తెల్లవారితే ఊళ్లో గని మీద విచారణ. మా ఆయన శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి నా దగ్గర కూర్చున్నాడు. "నువ్వు ఈడే ఉండు. రేపు నేను పోయి మాట్లాడతాలే" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అంటు ఉన్నప్పుడు సభలకు పోకూడదని పెద్దవాళ్లు కూడా అన్నారు. నేను సరే అన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణంలో గొర్రెలు లేవు, దోవ లేదు, గని లేదు. ఆ తెల్లగుడ్డ పీలిక తప్ప నా కళ్ల ముందు ఏమీ లేదు.

అత్త అప్పటిదాకా పడుకుని ఉంది. లేచి కూర్చుంది. గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

"ఎవురు పోతారు? అబ్బోడా? అబ్బోడు మాట్లాడితే గోడకు చెప్పినట్టుంటాది" అంది. మా ఆయన తల వంచుకున్నాడు. "నిన్నంతా మీ మామ నన్ను ఒగ పని చేసుకోనీల్యా. ఆ గొర్లు యాడ లేస్తాయి, యాడ దిగుతాయి, అమ్మి యాడ మాట నిలపల్ల, అన్నీ నాకు చెప్పి, ఎట్లుందే అని నన్నడగడం. నేను పుట్టి బుద్దెరిగినాక ఆ వంక మొగం చూసిందాన్ని గాదు, నాకంతా నోటికొచ్చేసింది. నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా?"

ఎవరూ ఇంక అంటు మాట ఎత్తలేదు.

షామియానా నిండా జనం. నేను చేరేసరికే మాటలు మొదలయ్యాయి. గనిలో పని దొరుకుతుందన్నవాళ్లు ఒకవైపు, వద్దన్నవాళ్లు ఒకవైపు, మైకు ఎవరి చేతికొస్తే వాళ్లు ఉరుముతున్నారు. బల్ల అవతల అధికారి చేత్తో కణతలు నొక్కుకుంటున్నాడు. ఆయన పక్కన రాసుకునే అతను పెన్నుకు మూత పెట్టేసి కూర్చున్నాడు. అది చూశాక నాకు భయం పట్టుకుంది. ఈసారీ గలాటా అని ఒక ముక్క. అంతటితో దోవ పోతుంది.

నా పేరు పిలిచారు. మావాళ్లు ఈలలు వేశారు. మైకు ముందు నిలబడి నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. నిన్నటి నుంచీ ఉన్న మూత ఇంకా అలాగే ఉంది. అరుద్దామన్నా అరవలేను. ఉన్న కాస్త గొంతుతో, మైకుకు పెదవులు ఆనేంత దగ్గరగా పోయి చెప్పాను.

"అయ్యా, మా ఊర్లో పొద్దున దొడ్డి తలుపు తీస్తే, ముందర ఒగ ముసలి గొర్రె నడుస్తాది. దానికి ఎవురూ దోవ చూపీరు."

ఆగాను. ఆపాలని కాదు, ఊపిరి అందలేదు. ఈలలు వేసినవాళ్లు ఏమైందని ముందుకు వంగారు.

"దాని తల్లి నడిచిన దోవ అది. ఆ దోవ పట్టుకోని వంకలోకి దిగుతాయి. ఎండాకాలం గూడ ఆడ నీళ్లుంటాయి. ఇంక యాడా ఉండవు. మీరు గీత గీసిన చోటు ఆ దోవ మీద పడింది. గని వద్దని నేను చెప్పను. మా ఊరోళ్లు శానామంది ఆడ పని చేస్తాండారు. ఆ దోవ ఒగటి వదిలిపెట్టండి. గొర్లకు మళ్ల కొత్త దోవ నేర్పేది మాకు చాతగాదు."

పెన్ను మూత తీసిన చప్పుడు నాకు వినిపించింది. అంత నిశ్శబ్దంగా ఉంది షామియానా. "అమ్మా, వంక పేరు చెప్పండి" అన్నాడు అధికారి. "మొదటి నుంచి ఇంకోసారి, నిదానంగా. రాసుకుంటున్నారు." మళ్లీ చెప్పాను. ప్రతి మాటా రాశారు. ఏదీ తేల్చకముందు తాను వచ్చి ఆ దోవ నడిచి చూస్తానన్నాడు ఆయన, ఆ మాటా రాయించాడు. చివరికి ఏమవుతుందో ఇది రాసేనాటికి నాకు తెలియదు. మా ఊరి మాట కాగితం మీదికి ఎక్కడం మాత్రం ఇదే మొదటిసారి.

నేను దిగబోతుంటే కింద వీధి అవ్వ ఒకామె మెట్ల దగ్గర నా కొంగు పట్టుకుంది. ఊళ్లో అందరికంటే పాత మంద ఆమెదే. పుట్టి ఎప్పుడూ మైకు ముందు నిలబడిన మనిషి కాదు. "నేను గూడ మాట్లాడొచ్చునా అమ్మీ? ఇట్ల మెల్లగ చెప్తే సాలంటే నేను గూడ చెప్తా" అంది.

చెయ్యిచ్చి పైకి ఎక్కించాను. మైకు ఆమెకు అందనంత ఎత్తులో ఉంది. మర తిప్పి కడ్డీని కిందికి, ఇంకా కిందికి, ఆమె నోటి దాకా దించాను. అవ్వ దాన్ని చూసింది. అధికారిని చూసింది. 

"నాయనా, అన్నం తింటివా?" అంది.

షామియానా అంతా వినిపించింది. అధికారి గభాలున తలెత్తాడు. "ఇంకా లేదవ్వా" అన్నాడు, చిన్నపిల్లవాడిలాగా.

"తిందువులే. రెండు మాటలు చెప్తా, ఇని తిందువు."

నాకు ఏడుపు అప్పుడొచ్చింది. ఫోనులో రానిది, గుమ్మంలో రానిది, పాడె లేచినప్పుడు రానిది, మైకు పక్కన నిలబడి ఉండగా వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకునే లోపే నా వెక్కిళ్లు స్పీకర్లలోంచి షామియానా అంతా వినిపించాయి. ఎవరూ నవ్వలేదు. మైకతను మైకు ఆపేయడానికి లేస్తే అవ్వ వద్దని చెయ్యి ఊపింది. ఒక చేత్తో మైకు కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నన్ను వదలకుండానే, నా వైపు తిరగకుండానే, తన గొర్రెల సంగతి అధికారికి చెప్పుకుంటూ పోయింది. ఆమె చెబుతూనే ఉంది, నేను ఏడుస్తూనే ఉన్నాను, రెండూ ఆ మైకులోంచే పోతున్నాయి.